మూడో నెంబరు కండెలు

ఆ నూలు మిల్లులో అందరూ ఆమెను లెక్కలమ్మ అనేవాళ్లు. వెటకారానికి పెట్టిన పేరే అది. మేడమీది టెస్టింగ్ గదిలో కూర్చుని, కింద షెడ్డులో వడికిన నూలును పోగుపోగుగా మిషనుకు తగిలించి, ఎన్ని గ్రాముల బరువుకు తెగుతుందో చూసి పుస్తకంలో రాసుకోవడం ఆమె పని. ఆరేళ్లు ఆ పని నోరు మూసుకుని చేసింది. ఏడో ఏట కంపెనీవాళ్లు ఆరు వారాల కోర్సుకు పంపారు. అదిగో, అక్కడ చెడింది.

వెళ్లిన మనిషి వేరు, తిరిగొచ్చిన మనిషి వేరు. రెండు గుంపుల సగటులు పక్కపక్కన పెట్టి, వాటి మధ్య తేడా నిజమైనదా, గాలివాటుగా వచ్చిందా అని తేల్చే పరీక్ష ఒకటి నేర్చుకొచ్చింది. టి-టెస్ట్ అంటారు. మంచి పరీక్షే, దాని తప్పేం లేదు పాపం. కానీ ఈవిడ చేతిలో పడ్డాక దానికి విశ్రాంతి లేకుండా పోయింది. క్యాంటీన్‌లో రెండు టీ కెటిళ్లు కనబడితే చాలు, ఇందులోంచి ముప్పై కప్పులు, అందులోంచి ముప్పై కప్పులు చూస్తేగానీ ఏది చిక్కనో చెప్పలేమనేది.

"తాగు తల్లీ, ఆ అరవై కప్పులూ నువ్వే తాగు. మాకు పనుంది" అనేది పిన్ని.

పిన్ని అంటే సొంత పిన్నే, తల్లికి చెల్లెలు. తల్లి పోయాక తొమ్మిదో ఏట నుంచి ఆమెను పెంచింది ఆవిడే. ఇరవై ఆరేళ్లుగా అదే మిల్లులో మూడో నెంబరు మిషను నడుపుతోంది. తెగిన పోగును ఆవిడ అతికితే, అతుకు ఎక్కడుందో భూతద్దం పెట్టి వెతుక్కోవాల్సిందే. కొత్తగా పనిలో చేరినవాళ్లను మేస్త్రీ తీసుకొచ్చి ఆవిడ పక్కనే నిలబెట్టేవాడు. లెక్కలమ్మ చదువూ, కళ్లజోడూ, ఆఖరికి ఆ టెస్టింగ్ గదిలో కుర్చీ కూడా, ఆ చేతుల మీదుగా వచ్చినవే.

ఇలా ఉండగా నేత మిల్లు నుంచి ఫిర్యాదు వచ్చింది. మీ నూలు మగ్గం మీద ఊరికే తెగిపోతోంది, చూసుకోండి అని. మేనేజరు లెక్కలమ్మను పిలిచాడు.

"ఈ రకం నూలు వడికేవి రెండే మిషన్లు. మూడూ, ఎనిమిదీ. తప్పు ఎక్కడుందో తేల్చమ్మా. వాళ్లన్నారు, వీళ్లన్నారు అని కాదు, లెక్క కావాలి నాకు."

లెక్కలమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లకు తన చదువు అడిగినవాడు దొరికాడు! పది రోజులు, నూలు చుట్టిన కండెలు రోజుకు మిషనుకు నాలుగు చొప్పున, ఇటు నలభై, అటు నలభై అని ఆ పూటే పట్టిక గీసుకుంది.

అయితే టెస్టింగ్ గది గోడ మీద ఒక నియమం రాసి ఉంది. పరీక్షించే మనిషే షెడ్డులోకి దిగి, తన చేత్తో కండెలు తీసుకుని, తెచ్చిన వెంటనే పరీక్షించాలి. లెక్కలమ్మకు అప్పుడు ఏడో నెల. ఇనుప మెట్లు ముప్పై నాలుగు. మొదటి రోజు దిగి ఎక్కేసరికి మెట్ల మధ్యలో కూలబడింది. పిన్ని మిషను వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

"ఈ పొట్టేసుకుని నువ్వు మెట్లు దిగావంటే ఊరుకోను. షిఫ్టు మొదట్లోనే నా కండెలు నాలుగూ తెచ్చి నీ కిటికీలో పెడతాను. ఎనిమిదో నెంబరువి మేస్త్రీ తెస్తాడులే, ఎలాగూ సంతకానికి పైకొస్తాడుగా."

ఆ రోజు కండెలు లెక్కలోకి రాలేదు. మర్నాటి నుంచి పది రోజులూ అలాగే జరిగింది. పొద్దున అయిదింటికి షిఫ్టు ఎక్కి, ఆరింటికల్లా తొలి కండెలు దించి, పిన్ని టెస్టింగ్ గది తాళం తీసి నాలుగు కండెలు కిటికీ గట్టు మీద పెట్టి వెళ్లేది. లెక్కలమ్మ తొమ్మిదింటికి వచ్చి వేరే పనులు చూసుకునేది. పదకొండింటికి మేస్త్రీ ఎనిమిదో నెంబరు కండెలు తెచ్చేవాడు. అప్పుడు ఎనిమిదింటినీ వరసగా పరీక్షించేది. పుస్తకంలో తేదీ రాసింది, మిషను నెంబరు రాసింది, గ్రాములు రాసింది. ఏ కండె ఎన్నింటికి వచ్చిందో రాయలేదు. రాయాలని తోచనే లేదు మహాతల్లికి.

పదకొండో రోజు లెక్క వేసింది. ఎనిమిదో నెంబరు నూలు సగటున రెండు వందల ఎనభై రెండు గ్రాములకు తెగుతోంది. మూడో నెంబరు నూలు రెండు వందల అరవై నాలుగుకే. నిజానికి రెంటికీ ఏ తేడా లేకపోతే, ఇంత తేడా ఊరికే కనబడే అవకాశం వెయ్యికి రెండు. లెక్కలమ్మ మూడుసార్లు వేసి చూసింది. మూడుసార్లూ అదే.

మూడో నెంబరంటే పిన్ని. ఆమె చెయ్యి కాసేపు ఆగిన మాట నిజం. కానీ ఆ ఆగడంలో జాలి కన్నా గర్వమే ఎక్కువ. పిన్ని అని వెనకాడితే నేను లెక్కలమ్మను ఎలా అవుతాను అనుకుంది. లెక్కకు చుట్టరికం లేదనుకుంది. ఇలాంటి మాటలు మనసులో మోగుతుంటే మనిషికి భలే మత్తుగా ఉంటుంది. ఆ మత్తులోనే ఇంకో వాక్యం కూడా రాసేసింది: "రెండు మిషన్లూ ఒకే తయారీవి, ఒకే దూది, ఒకే వేగం. కాబట్టి తేడా నడిపే చేతిది." ఆ కింద పిన్ని పేరు ఇంటిపేరుతో సహా రాసింది.

తేడా ఉందని ఆ పరీక్ష చెబుతుంది గానీ, ఎందుకుందో చెప్పదు. కోర్సులో మేష్టారు ఈ మాట మూడుసార్లు చెప్పాడు. ఆమె నోటుబుక్కులో రాసుకుంది, కింద గీత కూడా గీసుకుంది. గీతలకేం, ఎన్నైనా గీస్తాం.

షిఫ్టు మారే వేళ మేనేజరు అందరినీ షెడ్డు తలుపు దగ్గర నిలబెట్టి కాగితం చదివాడు. పిన్ని పేరు దగ్గరికి వచ్చేసరికి గొంతు పెంచి మరీ చదివాడు.

"నువ్వేమన్నా చెప్పుకుంటావా అమ్మా?"

పిన్ని మేనేజరును చూడలేదు. మెట్ల మీద నిలబడ్డ లెక్కలమ్మను చూసింది. ముఖం చూసింది, పొట్ట చూసింది, మళ్లీ ముఖం చూసింది.

"ఏం లేదు సార్."

ఎనిమిదో నెంబరు నడిపే పొడుగామె తన మిషను గెలిచిందని సంతోషించాల్సింది. ఆమె మాత్రం పక్కనే నేల మీద ఉమ్మేసింది. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేనే. దీనికోసమా దాన్ని చదివించావు అక్కా?" అంది, అందరికీ వినబడేటట్టు.

పిన్నిని మిషను మీంచి తీసి వేస్టు గదిలోకి పంపారు. తెగిన పోగులూ, నేల మీద ఊడ్చిన దూదీ ఏరే గది అది. చూపు ఆననివాళ్లూ, చేతులు వణికేవాళ్లూ చేసే పని. కాగితం మాత్రం షెడ్డు తలుపు మీద అతికించి అలాగే ఉంచారు. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ చదువుకున్నారు.

ఆ ఆదివారం పిన్ని ఎప్పటిలాగే లెక్కలమ్మ ఇంటికొచ్చింది. వాచిన పాదాలు ఒళ్లో పెట్టుకుని నూనె రాసి మర్దన చేసింది. మిల్లు మాట ఎత్తలేదు. చూశావా, తప్పు తనదేనని ఒప్పుకుంది, అందుకే మాట్లాడటం లేదు అనుకుంది లెక్కలమ్మ. అలా అనుకుంటూ రెండో పాదం కూడా చాపింది.

మూడో నెంబరు మీదికి కొత్త మనిషి వచ్చింది. ఇప్పుడు రెండు మిషన్ల కండెలూ మేస్త్రీయే పదకొండింటికి తెస్తున్నాడు. మూడో నెంబరు సగటు ఒక్కసారిగా రెండు వందల ఎనభైకి లేచింది. మేనేజరు లెక్కలమ్మ భుజం తట్టినంత పని చేశాడు.

"చూశావా? చెయ్యి మారింది, నూలు మారింది. నీ లెక్క నిక్కచ్చి."

నేత మిల్లు ఫిర్యాదు మాత్రం ఆగలేదు. అది మళ్లీ వచ్చింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, తప్పు దొరికిందిగా మరి!

మూడు వారాలు గడిచాయి. ఒకరోజు మేస్త్రీ కండెలు బల్ల మీద పెట్టబోతుంటే, ఆసుపత్రిలో చూపించుకునే వేళైందని, అక్కడ కిటికీలో పెట్టెయ్ మేస్త్రీ, వచ్చాక చూస్తానని లెక్కలమ్మ వెళ్లిపోయింది. తిరిగొచ్చేసరికి నాలుగు దాటింది. కండెలన్నీ ఎండలో వెచ్చగా ఉన్నాయి. ఒక్కొక్కటే మిషనుకు తగిలించింది. మూడో నెంబరు, రెండు వందల అరవై. ఎనిమిదో నెంబరు, రెండు వందల అరవై మూడు. అన్నీ అలాగే, అరవైల్లోనే.

మిషను చెడిందేమో అనుకుంది. సరిచూసే బరువు తగిలించింది. గ్రాము కూడా తేడా లేదు. మళ్లీ కండెల వైపు చూసింది. కండెల నుంచి కిటికీ వైపు చూసింది.

షెడ్డు పైకప్పు కింద సన్నటి గొట్టాలుంటాయి. వాటిలోంచి రోజంతా నీటి తుంపర పడుతుంటుంది. దూది పోగుకు తేమ ఉంటేనే బలం, ఆరిపోతే నీరసిస్తుంది. ఈ సంగతి మిల్లులో ఊడ్చే మనిషికి కూడా తెలుసు. లెక్కలమ్మకూ తెలుసు. తెలిసీ, అయిదు గంటలు ఎండలో ఆరిన పిన్ని కండెలనూ, అప్పుడే తుంపరలోంచి వచ్చిన కండెలనూ పక్కపక్కన పెట్టి, తేడా చేతిదని రాసింది.

మర్నాడు ముప్పై నాలుగు మెట్లూ తనే దిగింది. ఒకసారికి మోయలేక మూడుసార్లు దిగి ఎక్కి, ఎనిమిదో నెంబరు మిషను నుంచి ఎనభై కండెలు తెచ్చుకుంది. నలభై అప్పటికప్పుడు పరీక్షించింది. నలభై కిటికీలో అయిదు గంటలు ఉంచి పరీక్షించింది. ఒకే మిషను, ఒకే చెయ్యి, ఒకే పూట. రెండు వందల ఎనభై ఒకటి, రెండు వందల అరవై మూడు. పద్దెనిమిది గ్రాములు. సరిగ్గా పిన్ని మీద మోపిన పద్దెనిమిది గ్రాములే.

పొద్దున్నే పిన్ని చేతుల్లో నాలుగు కండెలు పెట్టుకుని మెట్లెక్కి వస్తున్నట్టే కళ్లకు కట్టింది. యాభై నాలుగేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులతో, పది రోజులు, తన కోసం. ఆ మోసుకొచ్చిన కండెలతోనే ఆవిడ మెడ కోసింది. సిగ్గుతో ఒళ్లంతా మండిపోయింది. గదిలో ఎవరూ లేకపోయినా ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

వెంటనే వెళ్లి చెప్పేసిందని రాస్తే బాగుండును. చెప్పలేదు. రెండు రోజులు ఊరుకుంది. ఇంకో రెండు వారాల్లో పురుడు సెలవు. మూడో నెంబరు సగటు బాగుంది, మేనేజరు సంతోషంగా ఉన్నాడు, ఆ కండెలు ఎన్నింటికి వచ్చాయని అడిగే నాథుడు లేడు. అడిగితే తన ఉద్యోగానికే ఎసరు. ఇదంతా లెక్క వేసుకుంది. అవును, దానికి కూడా లెక్కే వేసుకుంది. మూడో రోజు ఆదివారం. పిన్ని వచ్చి, కూర్చుని, కాళ్లు ఒళ్లోకి తీసుకోబోయింది. లెక్కలమ్మ కాళ్లు లాక్కుని వెనక్కి ముడుచుకుంది.

"ఏమే, నొప్పిగా ఉందా?" అంది పిన్ని.

లెక్కలమ్మ మింగలేక, కక్కలేక, తల అడ్డంగా ఊపింది.

సోమవారం పొద్దున్నే మేనేజరు గదిలో నిలబడి మొత్తం చెప్పేసింది. మెట్లు దిగకపోవడం, కిటికీ, ఎండ, పద్దెనిమిది గ్రాములు. మేనేజరు కళ్లజోడు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

"సరే, అయిందేదో అయింది. ఆవిణ్ణి రేపట్నుంచి మిషను మీదికి పంపిద్దాం. నోటీసు నేను టైపు చేయిస్తాను. నీ సంగతి బయటికి రాకుండా చూస్తాలే. వస్తే నువ్వు ఆ గదిలో ఉండవు, నాకూ పైనుంచి చీవాట్లు. గుట్టుగా పోనీ."

గంటలో నోటీసు వచ్చింది. ఒక్కటే వాక్యం: "సాంకేతిక కారణాల వల్ల మూడో నెంబరు మిషను పరీక్షా ఫలితం రద్దు చేయడమైనది." లెక్కలమ్మ దాన్ని పట్టుకుని వేస్టు గదికి వెళ్లింది. మనసు కాస్త తేలికపడింది కూడా. తప్పు దిద్దుకున్నానుగా అనుకుంది.

పిన్ని తక్కువ ఎత్తు పీట మీద కూర్చుని చిక్కుపడిన పోగులు ఏరుతోంది. జుట్టు మీద, కనుబొమల మీద దూది. కాగితం అందుకుని, చదివి, తిరిగిచ్చేసింది.

"ఎండకి నూలు నీరసిస్తుందని కనుక్కున్నావన్నమాట."

"నీకు తెలుసా పిన్నీ?"

"ఇరవై ఆరేళ్లు ఆ తుంపర కింద తడిశాను, నాకు తెలీదూ? ఆ కాగితం చదువుతున్నప్పుడే తట్టింది."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా!"

"చెబితే ఏమడుగుతారు? నీ కండెలు నువ్వెందుకు మోశావు, ఆ పిల్ల ఎందుకు దిగలేదు అంటారు. ఏడో నెలలో నీ ఉద్యోగం ఊడగొట్టమంటావా?" పిన్ని చేతిలో చిక్కు విడదీస్తూనే ఉంది. "అయినా నువ్వే అడుగుతావనుకున్నాను. ఆ పేపరు మేనేజరుకిచ్చే ముందు ఒక్కసారి. ఏం పిన్నీ, నీ నూలు ఇలా వస్తోందేంటి అని. ఆ ఒక్క మాట అడిగుంటే నీకు చెప్పేదాన్ని, నీ ఒక్కదానికే. ఎనభై కండెలు పరీక్షించావు, నన్నొక మాట అడగలేకపోయావు. వారంవారం కాళ్లు పట్టించుకున్నావు గదే!"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. లెక్కలమ్మ ఏడుస్తూ ఆ దూది కుప్పల పక్కన కూలబడింది. పిన్ని ఓదార్చలేదు.

"ఏడుపు తర్వాత. ఆ కాగితంలో నా పేరేదీ?"

"అంటే... మూడో నెంబరు మిషను అని..."

"తప్పేమో నా పేరు మీద రాశావు, ఇంటిపేరుతో సహా. ఒప్పు మాత్రం మిషను పేరు మీద రాస్తావా? మిషనుకేం సిగ్గుందే? దాన్ని ఎవరన్నా వేలెత్తి చూపించారా? వెళ్లు. ఆ ముక్క నాకొద్దు."

లెక్కలమ్మ లేచి, కొంగుతో ముఖం తుడుచుకుని, మేడమీదికి వెళ్లింది. టైపు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో పడేసింది. తెల్ల కాగితం తీసుకుని చేత్తో రాసింది. ఎప్పుడూ లేనిది ఆ కాస్త రాయడానికి గంట పట్టింది.

షిఫ్టు మారే వేళ షెడ్డు తలుపు దగ్గర పాత కాగితం పీకి కొత్తది అతికించింది. జనం ఆగారు. మేస్త్రీ, పొడుగామె, కొత్తామె, వెనకాల వేస్టు గది గుమ్మంలో పిన్ని. మేనేజరు మెట్ల మీది నుంచి చూసి, అక్కడే నిలబడ్డాడు. సగం మందికి కళ్లజోళ్లు లేవు, చదివి వినిపించమన్నారు. లెక్కలమ్మ చదివింది.

"మూడో నెంబరు మిషను నూలు బలహీనమని నేను రాసింది తప్పు. నియమం ప్రకారం నేను షెడ్డులోకి దిగలేదు. ఆ కండెలు అయిదు గంటలు ఎండలో ఆరాక పరీక్షించి, ఎనిమిదో నెంబరు తాజా కండెలతో పోల్చాను. ఆ తేడా ఎండది, చేతిది కాదు." ఆ తర్వాత పిన్ని పేరు, ఇంటిపేరుతో సహా చదివింది. "ఆవిడ పనిలో ఏ లోపమూ లేదు. లోపం నాది" అని, తన పేరు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించేసింది. పెదవులు కదిలాయి గానీ, ముందు వరసలో ఉన్నవాళ్లకు కూడా వినబడలేదు.

"గట్టిగా చదువు" అంది పిన్ని వెనక నుంచి. "నా పేరు ఆ చివరిదాకా వినబడింది ఆ రోజు."

లెక్కలమ్మ గొంతు సవరించుకుని, తన పేరు ఇంటిపేరుతో సహా మళ్లీ చదివింది. ఈసారి షెడ్డు ఆ చివరిదాకా వినబడింది.

జనం మెల్లగా విడిపోయారు. ఆమె ఇనుప మెట్ల దగ్గరికి వెళ్లి కమ్మీ పట్టుకుని నిలబడింది. ఆ గదిలో ఇక ఉండనివ్వరు, తన సామాను సర్దుకోవాలి. వెనక నుంచి దూది అంటిన చెయ్యి ఒకటి వచ్చి ఆమె మోచేతిని పట్టుకుంది. ముప్పై నాలుగు మెట్లూ పిన్ని ఆమెను పట్టుకుని ఎక్కించింది.